కవాతు మైదానమా, ఫీల్డ్ క్రాఫ్టా?

1778లో వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో ప్రష్యా సైనికాధికారి బారన్ స్టూబెన్ అమెరికా స్వాతంత్ర్య సైనికులకు నేర్పిన కవాతు అచ్చంగా యుద్ధవిద్యే. ఆనాటి పొడవాటి తుపాకీ మస్కెట్‌కు గురి తక్కువ; వరస చెదరకుండా నిలబడి అందరూ ఒక్కసారిగా పేల్చాలి. మెషిన్ గన్ వచ్చాక అలా నడవడం చావుకు ఎదురెళ్లడమే. ఇప్పుడు ప్రాణం కాపాడేవి పాకడం, మాటున దాగడం, నేల వాలును కనిపెట్టడం. ఫీల్డ్ క్రాఫ్ట్ అంటే ఇవే.

మరి కవాతు దండగా? కాదంటాను. ఎన్‌సీసీ మైదానంలో "తేజ్ చల్" వినగానే ఎడమకాలు ముందుకు పడుతుంది. "థమ్" అన్నాక 30 జతల బూట్లు ఒక్క చప్పుడుతో ఆగాలి. ఒక్కరు తడబడినా వినిపిస్తుంది. పక్కవాడిని చూడకుండానే అతని అడుగు పసిగట్టే ఆ అలవాటు ఫీల్డ్ క్రాఫ్ట్‌తో అంత త్వరగా రాదు. తొలి వారాలు కవాతుకే ఇవ్వాలి. తర్వాతి గంటలు మాత్రం పొదల్లో, గుట్టల్లో గడవాలి. పరేడ్ రిహార్సల్ కోసం వాటికి కోత పెట్టడం నాకు మింగుడుపడదు.