హేడ్రియన్ గోడ: కారు వద్దు, బస్సెక్కండి

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో కారు అద్దెకు తీసుకుందామంది మా ఆవిడ. నేనే వద్దన్నాను. రైల్లో హెక్సమ్ వెళ్లి ‘ఏడీ 122’ బస్సెక్కాం. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ హయాంలో ఈ సరిహద్దు గోడ మొదలైన ఏడాదే బస్సు నంబరు. మావాడు ఆ ఏడాది ఇక మర్చిపోడు.

గోడ పొడవు 117 కిలోమీటర్లు. అంతా నిలబడి ఉంటుందనుకుంటే నిరాశే. చాలాచోట్ల రాళ్లు జనం ఇళ్లకీ చర్చిలకీ వాడేసుకున్నారు. మిగిలింది చూడాలంటే మధ్యలో కొండకొమ్ముల మీదికి వెళ్లాలి. హౌస్‌స్టెడ్స్ కోట అక్కడే. బస్సు దిగాక ఎక్కుడు ఉంది, మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. సైనికులు పక్కపక్కనే కూర్చునే మరుగుదొడ్డి చూసి మావాడు పడీపడీ నవ్వాడు.

ఒక్కచోటికే టైముంటే మాత్రం విండొలాండా అనే రోమన్ కోటకి వెళ్లండి. అక్కడి తడిమట్టిలో గాలి ఆడక తోలు, చెక్క కుళ్లిపోలేదు. అద్దాల వెనక వరసగా చెప్పులు, అందులో పసిపిల్లల జోళ్లు కూడా. మడమ దగ్గర అరిగిన ఒకదాని ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది. పలచటి చెక్కరేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు 1973 నుంచి బయటపడుతూ వచ్చాయి. ఒకదాంట్లో ఎవరికో మేజోళ్లు, లోదుస్తులు పంపిన సంగతి! ఇంకోదాంట్లో ఓ అధికారి భార్య స్నేహితురాలిని పుట్టినరోజుకి పిలుస్తుంది. అది మాత్రం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇక్కడ తవ్వకాలు నడిపేది ఒక ట్రస్టు, సీజన్లో వలంటీర్లూ తవ్వుతారు. మన టికెట్ డబ్బులు ఆ పనికే వెళ్తాయి కాబట్టి రేటు కాస్త ఎక్కువనిపించినా నాకు బాధ లేదు.

బస దగ్గర్లోని ఓ ఇంటిగదిలో. దుప్పట్లు, వేడినీళ్లు బాగున్నాయి. శాకాహారమని ముందే చెప్పినా, రెండు పూటలా బ్రెడ్డు, బీన్సే.

‘గోడ ఎక్కొద్దు’ అని చెబుతున్నా ఫొటో కోసం ఎక్కేవాళ్లు కనిపించారు. గోడ వెంట సాగే 84 మైళ్ల కాలిబాట నడిచేవాళ్లు గుర్తుగా ఉంచుకునే ‘పాస్‌పోర్టు’ పుస్తకంలో ముద్రలు వేసుకునేది మే నుంచి అక్టోబరు దాకానే. చలికాలం తడినేల మీద అడుగులు పడితే కింద పూడి ఉన్నవి దెబ్బతింటాయట. నాకిది నచ్చింది.

బస్సుకి ట్రిప్పులు తక్కువ. రెండో రోజు ఆఖరి బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. తప్పు నాదే, చెప్పుల దగ్గర టైము చూసుకోలేదు. టాక్సీ కోసం ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటూ కొండ ఎక్కాల్సి వచ్చింది.