నెల్లూరు రాత్రులకు క్యానన్ 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ ఎంతవరకు పనికొస్తుంది?

క్యానన్ కంపెనీ 2015లో విడుదల చేసిన ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్‌ను పెళ్ళి ఫోటోలు తీసేవారు, చిన్న స్టూడియోలు నడుపుకొనేవారు ఏళ్ళ తరబడి వాడుతున్నారు గనుక, పగటి వెలుతురులో అది మనిషి ముఖాన్ని ఎంత చక్కగా చూపిస్తుందో నేను కొత్తగా చెప్పవలసింది లేదు. నేను దీన్ని పరిశీలించింది మరొక అవసరం కోసం. పొద్దుగూకిన తర్వాత నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, గాంధీబొమ్మ సెంటరులో, మద్రాసు బస్టాండు చుట్టుపక్కల, రంగనాయకులపేట సందుల్లో సాగే మామూలు జీవితాన్ని ఫ్లాష్ వేయకుండా, అక్కడున్న వెలుతురులోనే తీయడానికి ఈ లెన్స్ సరిపోతుందా అన్నదే నా ప్రశ్న. మనుషులను తీయడానికి ఇది బాగా సరిపోతుంది. వీధులను తీయడానికి సరిపోదు. ఈ తేడా తెలుసుకుని కొన్నవారికి, పది వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికే వస్తువుల్లో రాత్రి ఫోటోలకు దీనికి మించినది కనబడదని నా అభిప్రాయం.

దీనికి ముందు 1990 నుంచి అమ్ముడైన పాత 50 మి.మీ. లెన్స్‌కు కెమెరాకు తగిలించే చోట ప్లాస్టిక్ ఉండేది, వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెంచి తగ్గించే అపెర్చర్‌లో ఐదు రెక్కలే ఉండేవి. ఇప్పటి లెన్స్‌కు ఆ చోట లోహం అమర్చారు, గుండ్రటి అంచులున్న ఏడు రెక్కలు పెట్టారు, దగ్గరి ఫోకస్ దూరాన్ని 45 సెంటీమీటర్ల నుంచి 35 సెంటీమీటర్లకు తగ్గించారు. బరువు 160 గ్రాములు. నా దగ్గరున్న 200డీ మార్క్ 2 వంటి చిన్న కెమెరాకు తగిలించి మెడలో వేసుకుంటే, సాయంత్రమంతా తిరిగినా భారమనిపించదు. పెద్ద లెన్స్‌ను చూసి బిగుసుకుపోయే మనుషులు దీన్ని చూసి అంతగా బెదరరు. రాత్రి పూట వీధిలో తిరిగేవారికి ఈ రెండో లాభం మొదటిదానికంటే ఎక్కువ విలువైనది.

అసలు సంగతి వెలుతురుది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 50 మి.మీ. దగ్గర పెట్టినప్పుడు దాని అపెర్చర్ ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). ఎఫ్ 1.8 దగ్గర ఈ లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురును లోపలికి రానిస్తుంది. అంటే కిట్ లెన్స్‌తో సెకనులో 10వ వంతు పాటు షట్టర్ తెరిచి ఉంచవలసిన చోట, దీనితో 100వ వంతు చాలు. కిట్ లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది, దీనిలో లేదు అని కొందరు వాదిస్తారు. ఆ ఏర్పాటు కాపాడేది ఫోటో తీసేవాడి చేతిని మాత్రమే. పెనం మీద పిండి తిప్పుతున్న మాస్టరు చేతిని అది ఆపలేదు. నెల్లూరు కారందోశ బండి దగ్గర నిలబడి చూస్తే, పిండి పరిచి, ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, అట్లకాడతో మడిచే వరకు ఆ చేయి ఒక్క క్షణం కూడా నిలవదు. బండికి వేలాడే ఒక్క ఎల్ఈడీ బల్బు వెలుతురులో ఎఫ్ 2 వద్ద, సెకనులో 100వ వంతు వేగంతో, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు స్పందించే తీవ్రత) 1600 పెట్టి తీసిన ఫోటోలో ఆ చేయి, అట్లకాడ, పెనం మీది నుంచి లేచే ఆవిరి స్పష్టంగా నిలిచాయి. అదే చోట కిట్ లెన్స్‌తో అంతే వేగం కావాలంటే ఐఎస్ఓను 12800కు పెంచవలసి వస్తుంది, అప్పుడు ఎర్రకారం రంగు ఇసుక చల్లినట్లుండే గ్రెయిన్‌లో కలిసిపోయి మట్టిరంగులోకి దిగజారుతుంది.

ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ నైట్ మోడ్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారికి ఒక మాట చెప్పాలి. ఫోన్ చాలా ఫోటోలను వెంటవెంటనే తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, చీకటిని తొలగించి చూపుతుంది. కదలని గోపురానికి, ఖాళీ వీధికి అది అద్భుతంగా పనిచేస్తుంది. కదిలే మనిషి విషయంలో మాత్రం ఆ పేర్పు కుదరక చేతులు చెదిరిపోతాయి, ముఖాలు మైనం పూసినట్లు నునుపుదేరుతాయి. అంతకంటే నన్ను బాధపెట్టేది, రాత్రి పదిగంటల టీ అంగడిని అది సాయంత్రం ఆరుగంటల అంగడిలా మార్చివేయడం. బల్బు కింద వెలుగు, దాని చుట్టూ చీకటి, ఆ రెండింటి అంచున గ్లాసు పట్టుకుని నిలబడిన మనిషి, ఇవి మూడూ కలిస్తేనే ఆ అంగడి. ఫ్లాష్ వేస్తే ఈ మూడూ ఒకేసారి పోతాయి. ఈ లెన్స్ చీకటిని చీకటిగానే ఉండనిస్తుంది, వెలుతురు ఉన్నచోటి నుంచే ముఖాన్ని తీసుకుంటుంది, నేను దీన్ని ఇష్టపడటానికి మొదటి కారణం ఇదే.

షట్టర్ వేగం గురించి మరొక విషయం కొత్తవారు గుర్తుంచుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది గనుక ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. కంటికి అది తెలియదు. ఎఫ్ 1.8 దొరికింది కదా అని షట్టర్‌ను సెకనులో 500వ వంతుకు పెంచితే, ఒక ఫోటో వెలుగుగా, తరువాతిది మసకగా, మరొకటి సగం పసుపు పట్టీతో వస్తుంది. సెకనులో 100వ వంతు దగ్గర ఆగితే ప్రతి ఫోటోలోనూ ఒక పూర్తి మినుకు పడుతుంది గనుక వెలుగు సమానంగా ఉంటుంది. ఈ లెన్స్ ఇచ్చే అదనపు వెలుతురును వేగం పెంచుకోవడానికి కాక ఐఎస్ఓ తగ్గించుకోవడానికి వాడుకోవడం మేలు.

ఫోకస్ సంగతి ఇంత సంతోషంగా చెప్పలేను. కళ్ళెదుట పెట్టుకునే వ్యూఫైండర్‌లో చూస్తూ తీసేటప్పుడు నా కెమెరాలో తొమ్మిది ఫోకస్ బిందువులు ఉన్నాయి, వాటిలో నడిమిది ఒక్కటే అడ్డం, నిలువు రెండు దిశల్లోనూ గీతలను పసిగట్టగలది. చీకటి సందుల్లో పక్క బిందువులను నమ్ముకుంటే లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉండిపోతుంది, ఈలోగా మనిషి దాటిపోతాడు. నడిమి బిందువును ముఖంలో వెలుగు పడిన అంచు మీద పెట్టి ఫోకస్ చేయడం, లేదా వెనుక తెర మీద లైవ్ వ్యూలో తీయడం నాకు కుదిరిన మార్గాలు. లైవ్ వ్యూ ఇంకా మసక వెలుతురులోనూ ముఖాన్ని గుర్తుపడుతుంది. కానీ వెలిగే తెర అందరి చూపునూ మన వైపు తిప్పుతుంది, బ్యాటరీనీ త్వరగా ఖాళీ చేస్తుంది. ఫోకస్‌ను కదిపే ఎస్‌టీఎం మోటారు పాత లెన్స్ చేసినంత చప్పుడు చేయకపోయినా, నిశ్శబ్దంగా ఉన్న గుడి మండపంలో వినబడుతుంది.

ఎఫ్ 1.8 వద్ద స్పష్టంగా కనబడే లోతు ఎంత తక్కువో లెక్కవేసి చూస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే ఆ లోతు సుమారు 10 సెంటీమీటర్లు. ఒక మీటరుకు దగ్గరైతే మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. పూలంగడి దగ్గర కనకాంబరాలు, మల్లెలు కలిపి మాల కడుతున్న పెద్దావిడను తీయబోతే, ఆమె కళ్ళకు ఫోకస్ పెట్టినప్పుడు వేళ్ళు కరిగిపోయాయి, వేళ్ళకు పెట్టినప్పుడు ముఖం కరిగిపోయింది. “ఏం నాయనా, నన్నా తీస్తా ఉండేది, పూలనా?” అని ఆమె అడిగింది. “రెండూనమ్మా, నీకు ఇబ్బంది లేకపోతేనే” అన్నాను. ఆమె తలవంచి పని చేసుకుంటూ పోయింది, నేను ఎఫ్ 2.8కు దిగి, అర అడుగు వెనక్కు జరిగి, ముఖమూ వేళ్ళూ దాదాపు ఒకే దూరంలోకి వచ్చేలా పక్కకు తిరిగి తీశాను. ఈ లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర ఎంతో పదునుగా ఉంటుంది. ఎఫ్ 1.8 వద్ద మెత్తదనం ఉంటుంది, వెలిగే బల్బుల అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ రంగులు తొంగిచూస్తాయి. స్టీలు పళ్ళేల దుకాణంలోనూ, ఆచారి వీధి నగల అద్దాల ముందూ ఆ రంగులు మరీ కొట్టొచ్చినట్లు కనబడతాయి.

ఇక దీని పెద్ద పరిమితి. నా కెమెరాలా చిన్న సెన్సరు (బొమ్మ పడే పలక) ఉన్న కెమెరాకు తగిలించినప్పుడు ఈ లెన్స్ పెద్ద సెన్సరు మీద 80 మి.మీ. లెన్స్ చూసేంత ఇరుకుగా చూస్తుంది. మూడు మీటర్ల దూరం నుంచి అడ్డంగా తీస్తే ఫ్రేములో పట్టేది సుమారు 1.3 మీటర్ల వెడల్పు మాత్రమే. నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి పాదం దాకా తీయాలంటే కనీసం నాలుగు మీటర్లు వెనక్కు జరగాలి. రంగనాయకులపేట సందుల్లో అంత చోటు ఎక్కడిది? వెనుక గోడకు వీపు ఆనించినా గడప మీద కూర్చున్న ముసలాయన మోకాళ్ళ వరకే వస్తాడు. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి గాలిగోపురాన్ని రాత్రి దీపాలతో, దాని కింద నడిచే జనంతో కలిపి తీద్దామనుకున్నవారు ఈ లెన్స్‌ను ఇంట్లో పెట్టి వెళ్ళడమే మంచిది. ట్రంకు రోడ్డు రద్దీని, దుకాణాల బోర్డులను, ఆటోల వరుసను ఒకే ఫోటోలో చూపించాలన్నా ఇది పనికిరాదు. అటువంటి పనికి ఇదే కంపెనీ 2014లో తెచ్చిన 24 మి.మీ. ఎఫ్ 2.8 పలుచటి లెన్స్ మంచిది. దానిలోకి వచ్చే వెలుతురు దీనికంటే సగానికి తక్కువైనా, వీధి వీధిగా కనబడుతుంది.

కానీ ఇరుకు చూపే వరమయ్యే సందర్భమొకటి ఈ ఊరికి ఏటా వస్తుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగలో, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు దాన్ని అందుకుంటారు. సంతాన రొట్టె, విద్యా రొట్టె, ఆరోగ్య రొట్టె అని పిలిచి మరీ ఇచ్చిపుచ్చుకుంటారు. లక్షల మంది వచ్చే ఆ చోట వెడల్పు లెన్స్‌తో తీస్తే కనబడేది జనం, షామియానాలు, ఫ్లడ్‌లైట్లు. ఆ పండుగ జరిగేది మాత్రం రెండు జతల చేతుల మధ్య. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తలపై కొంగు కప్పుకున్న ఒక తల్లి, ఎవరో తెలియని మరొక ఆడమనిషి చేతిలో రొట్టె పెడుతున్నప్పుడు, గట్టు మీద రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నవారికి ఈ లెన్స్ ఆ నాలుగు చేతులను, రెండు ముఖాలను మాత్రమే చూపిస్తుంది. వెనుక ఉన్న వేలాది దీపాలు గుండ్రటి రంగు చుక్కలుగా కరిగి, నీటి మీద మరోసారి కరుగుతాయి. అంతమంది మధ్య ఇద్దరినే చూడగలగడం వేరే ఏ లెన్స్‌తోనూ ఇంత తక్కువ ఖర్చులో నాకు సాధ్యపడలేదు. అక్కడ నీటి తుంపర్లు పడతాయి, ఈ లెన్స్‌కు నీరు, దుమ్ము లోపలికి పోకుండా ఆపే రబ్బరు వలయాలు లేవు గనుక ఒక గుడ్డ దగ్గర ఉంచుకోవాలి, లెన్స్ మార్చే పని ఆ జనంలో పెట్టుకోకూడదు. ఎవరి కోరిక ఏమిటో మనకు తెలియదు గనుక, ముఖం గుర్తుపట్టేలా తీసే ముందు సైగతోనైనా అనుమతి అడగాలి. వద్దన్నవారి దగ్గర చేతుల వరకే తీసి ఊరుకోవాలి.

రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ లైట్లు ఈ లెన్స్‌కు గిట్టవు. ఫ్రేములో ఒక మూల హెడ్‌లైటు ఉంటే, ఎదురు మూలలో ఆకుపచ్చని నీడ బిళ్ళ తేలుతుంది. ముందు గ్లాసుకు రక్షణగా బిగించే చవక ఫిల్టరు ఈ జబ్బును రెట్టింపు చేస్తుంది కాబట్టి రాత్రి పూట దాన్ని తీసివేయాలి. దాని బదులు ఈఎస్ 68 అనే హుడ్ విడిగా కొనుక్కోవాలి. అది పక్క వెలుతురును కొంత అడ్డుకుంటుంది, అంతకంటే ముఖ్యంగా దెబ్బను అడ్డుకుంటుంది. ఫోకస్ దగ్గరికి వచ్చినప్పుడు లెన్స్ ముందు గొట్టం బయటికి సాగుతుంది, కొన్ని కెమెరాలను ఆపివేసినా అది అలాగే ఉండిపోతుంది. మోటారు నడిస్తే తప్ప చేతి రింగుతో కూడా అది వెనక్కు వెళ్ళదు. దానికి గట్టి దెబ్బ తగిలితే లోపలి గేరు పళ్ళు దెబ్బతింటాయి గనుక, సంచిలో పెట్టే ముందు దూరంగా ఉన్న ఏదైనా దీపానికి ఫోకస్ చేసి లోపలికి పంపి, ఆ తర్వాతే కెమెరా ఆపడం అలవాటు చేసుకోవాలి.

సముద్రం దగ్గరున్న జిల్లా కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, లెన్స్ అద్దాల మీద బూజు పట్టే ప్రమాదమూ ఎక్కువే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవడానికి పెద్దగా ఖర్చవదు. వాడిన లెన్స్ కొనదలచినవారు దాన్ని ఫోన్ టార్చి వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడు వంటి గీతలు ఉన్నాయేమో చూడాలి, కెమెరాకు తగిలించి దగ్గరికీ దూరానికీ నాలుగైదుసార్లు ఫోకస్ చేసి గొట్టం ఎక్కడా ఆగకుండా జారుతోందో లేదో గమనించాలి. కొత్తది కొనేవారు బిల్లు, వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు లెన్స్ మీదున్న నంబరుతో సరిపోయిందో లేదో అంగడిలోనే చూసుకోవాలి.

అద్దం లేని కొత్త ఆర్ రకం కెమెరాలు ఉన్నవారు ఈ ఈఎఫ్ లెన్స్‌ను అడాప్టరుతో వాడుకోవచ్చు, ఫోకస్ చక్కగా పనిచేస్తుంది. అయితే కొత్తగా కొనేటట్లయితే అడాప్టరు ఖర్చు కూడా కలుపుకుని చూడాలి. 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం బరువు కూడా 160 గ్రాములే, అది 30 సెంటీమీటర్ల దగ్గరి నుంచి ఫోకస్ చేస్తుంది, ఆ కెమెరాల ముఖ గుర్తింపు చీకటిలో నా కెమెరా వ్యూఫైండర్ కంటే నమ్మదగినది. లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా చేతిలో ఉండి, కిట్ లెన్స్‌తో రాత్రి ఫోటోలు చెదిరిపోతున్నాయని విసిగిపోయినవారు మాత్రం కెమెరా మార్చే ఆలోచనకు ముందు ఈ ఈఎఫ్ లెన్స్‌నే కొనాలి.