ఆదివారం ఓడల క్లాసు: డబ్బులు సార్ పాఠానికి ఇవ్వొచ్చు, నోట్సుకు కాదు

మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూస్తుంటా. గ్రూప్-1 పిచ్చి ఇంకా వదల్లేదు కాబట్టి తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్ (పేరు వద్దులెండి) పెట్టిన నాలుగు ఆదివారాల సముద్ర వాణిజ్య చరిత్ర క్లాసుకు 1,800 కట్టి చేరా. తర్వాతి బ్యాచ్‌లో చేరొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే రాస్తున్నా.

సార్ మాత్రం బంగారం. ఇంగ్లండు నౌకాయాన చట్టం (ఏ సరుకు ఎవరి ఓడల్లో రావాలో చెప్పేది) అనగానే మేమంతా అలవాటుగా 1651 అని రాసుకోబోతే, ఆయన పెన్నులు కింద పెట్టించి ముందు బెంచీలో నలుగురిని లేపారు. "మీరు ఓడ సిబ్బంది. 1660 చట్టం ప్రకారం కెప్టెన్ ఇంగ్లీషువాడే ఉండాలి, నావికుల్లో నాలుగింట మూడొంతులు ఇంగ్లీషువాళ్ళే ఉండాలి. మీలో ఇద్దరు డచ్చివాళ్ళు. ఇప్పుడేమవుతుంది?" వెనక నుంచి ఎవరో "ఫైన్ వేస్తారు సార్" అన్నారు. "ఫైన్ కాదు నాయనా, ఓడా పోతుంది, సరుకూ పోతుంది." ఆ నలుగురి మొహాలు చూడాలి!

అసలు ఈ చట్టాలు ఎందుకొచ్చాయో ఆయన చెప్పినంత తేలిగ్గా నేను ఎక్కడా చదవలేదు. డచ్చివాళ్ళ దగ్గర ఫ్లూట్ అనే ఓడ ఉండేది (వాయించేది కాదు). తక్కువ మందితో నడుస్తుంది, ఎక్కువ సరుకు పడుతుంది, దాంతో కిరాయి చౌక. ఆ ధరకు ఇంగ్లండు ఓడలు తట్టుకోలేకపోయాయి. దాంతో ఆసియా, ఆఫ్రికా, అమెరికా సరుకు మా ఓడల్లోనే రావాలి, యూరప్ సరుకైతే మా ఓడలోనో, పండించిన దేశం ఓడలోనో రావాలి అని 1651లో చట్టం చేశారు. అంటే మధ్యలో రవాణా చేసి బతికే డచ్చివాడి పొట్ట కొట్టారన్నమాట. మరుసటి ఏడే రెండు దేశాలకూ యుద్ధం మొదలైంది. ఆ తర్వాత వర్జీనియా పొగాకు, కరీబియన్ దీవుల చక్కెర లాంటివి కూడా ఇంగ్లండుకో దాని వలసలకో తప్ప వేరే దేశానికి నేరుగా పోకూడదన్నారు. మన తోతాపురి మదనపల్లెకు పోవాలన్నా ముందు చెన్నైకి పోయి సుంకం కట్టి రావాలన్నట్టు. మరి అమెరికా వలసలకు అంతా నష్టమేనా అంటే కాదు, అక్కడ కట్టిన ఓడ కూడా ఇంగ్లీషు ఓడ కిందే లెక్క కాబట్టి బోస్టన్ వైపు ఓడల పని బాగా పెరిగింది. ఈ రెండో వైపు సంగతి గైడ్లలో ఉండదు.

1849లో ఇంగ్లండే ఈ చట్టాలు ఎత్తేసింది. అప్పటికి సముద్రం మీద దానికి పోటీ లేదు మరి. "ఏరు దాటిందాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న" అని సార్ బోర్డు మీద రాసి, అదే ఆన్సర్‌లో రాయొద్దని నవ్వారు.

ఇక నా బాధలు. మన తీరం గురించి మూడో వారం నలభై నిమిషాల్లో తేల్చేశారు. అడిగితే సిలబస్‌లో అంతే ఉందన్నారు. ఇంటర్వెల్‌లో టీ దగ్గర మాత్రం అదే సార్ ఆగకుండా చెప్పారు. పాత రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునేవాళ్ళట, 1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో అది మానేసి సుంకం మాత్రమే తీసుకుంటానని అభయమిచ్చాడు. అదే ఇంగ్లీషువాళ్ళేమో 1823లో మన లస్కర్లను (వాళ్ళ ఓడల్లో పనిచేసే మన నావికులను) బ్రిటిష్ నావికుల లెక్కలోంచి తీసేశారు. పాలించేటప్పుడు వాళ్ళ ప్రజలం, ఓడ ఎక్కితే కాదు! 1906లో స్వాతంత్ర్య సమరయోధుడు చిదంబరం పిళ్ళై తూత్తుకుడి నుంచి కొలంబోకు స్వదేశీ స్టీమర్లు పెడితే చట్టం కూడా అక్కర్లేకపోయింది, ఇంగ్లీషు కంపెనీ టికెట్ ధర తగ్గించి దెబ్బకొట్టింది. ఇదంతా క్లాసులో చెప్పాల్సింది కదా, టీ తాగనివాళ్ళ సంగతేంటి?

నోట్సు సంగతి చెప్పక్కర్లేదు. 1849 బదులు 1949 అని అచ్చు వేశారు, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకన్నమాట. జాబితా సరుకులు (వేరే దేశానికి నేరుగా పోకూడదన్న ఆ పొగాకు, చక్కెర లాంటివి) అనాల్సినచోట "లెక్కపెట్టిన సరుకులు" అట. నేను ఒక క్లాసు మిస్సయితే రికార్డింగ్ పంపుతామన్న ఆఫీసు అమ్మాయి ఇప్పటికీ "రేపు అన్నా" అంటూనే ఉంది.

చివరి వారం అమెరికా 1920 జోన్స్ చట్టం (అక్కడి రేవుల మధ్య సరుకు అమెరికా ఓడలే మోయాలనేది), మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం (2025లో దీని బదులు కొత్త చట్టం చేశారు). ఇక్కడ నాకు లైటు వెలిగింది. మా గుజ్జు డ్రమ్ముల కంటైనర్ చెన్నైలో ఎక్కి కొలంబోలో ఓడ ఎందుకు మారుతుందా అని ఎన్నేళ్ళో అనుకున్నా. పెద్ద ఓడలు అక్కడికి రావడం ఒక కారణమైతే, మన దేశంలోనే ఇంకో రేవులో ఓడ మారుద్దామంటే, విదేశీ ఓడ లైసెన్సు లేకుండా మన రేవు నుంచి మన ఇంకో రేవుకు సరుకు మోయకూడదన్న నిబంధన ఇంకోటట. ఎగుమతి కంటైనర్ల విషయంలో 2018లో దాన్ని సడలించారు. రోజూ నా చేతుల మీదుగా పోయే కాగితం వెనక ఇంత కథ ఉందా అనిపించింది.

అయిదుకు మూడున్నర ఇస్తా. చేరేవాళ్ళు నోట్సు కొనొద్దు, టీ టైంలో సార్‌ను వదలొద్దు, కూర్చునేది రెండో వరసలో. మొదటి బెంచీ వాళ్ళను ఓడ ఎక్కించేస్తారు.