శాండర్ సరే, దుమ్ము సంగతేమిటి?

చెక్కను అరగదీసి నునుపు చేసే కరెంటు యంత్రం శాండర్. దాన్ని కొనబోయే వాళ్లు ముందుగా ఎన్ని వాట్లని అడుగుతారు. దుమ్ము ఎటు పోతుందని అడగడం మేలు. ఏళ్ల తరబడి తిరుపతిలో మా మేడ మీద వాడాక నాకు తేలింది ఇదే.

నా దగ్గరున్నది 250 వాట్ల ర్యాండమ్ ఆర్బిటల్ రకం, ఉప్పుకాగితం అంటించే గుండ్రటి ప్యాడ్ అడ్డుకొలత 125 మిల్లీమీటర్లు. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి టేకు మీద చారలు తేలవు. తలుపులు, కిటికీ రెక్కలు, పాత మంచాలు అన్నిటికీ ఇదొక్కటే సరిపోయింది. కాగితం పట్టీలా తిరిగే బెల్ట్ శాండర్ ఇంటి పనికి వద్దు, చెయ్యి కాస్త ఆగితే చెక్కకు గుంట పడుతుంది. చెక్క నగిషీలకు పేరున్న మాధవమాల ఊరి పనితనం లాంటి నగిషీల సింహద్వారమైతే మాత్రం ఉప్పుకాగితం మడిచి వేలితో రుద్దాల్సిందే.

అదిమి పట్టకండి, యంత్రం బరువే చాలు. అదిమితే ప్యాడ్ మందగించి సుడుల్లాంటి సన్న గీతలు పడతాయి. వార్నిష్ పూసేదాకా అవి కంటికి ఆనవు. కాగితం గరుకు నంబర్లు 80, 120, 180 వరుసలో, అంటే గరుకు నుంచి నునుపుకు, వాడితే తలుపుకు చాలు.

ఇక దుమ్ము. యంత్రంతో వచ్చే చిన్న సంచి పొట్టును పట్టుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న పొడిని వదిలేస్తుంది. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. టేకు పొడి తగిలితే కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి. అందుకే సంచి పీకేసి వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించాను. రెండింటి మూతుల కొలతలు కలవలేదు. సైకిల్ ట్యూబు ముక్క తొడిగి క్లిప్పు బిగిస్తే అతుకు కుదిరింది. కాగితం రంధ్రాలు ప్యాడ్ రంధ్రాల మీద సరిగ్గా కూర్చోవాలి, లేదంటే ఎంత ఖరీదైన వాక్యూమ్ అయినా దండగే. వాక్యూమ్ ఫిల్టరును తరచూ దులపాలి, అది కూడా ఆరుబయటే. ఇన్ని చేసినా ఎన్95 మాస్కు తప్పదు. గొట్టం వచ్చాక పక్కింటి అక్క "ఆరేసిన బట్టలు తీసేయమంటావా?" అని కేకేయడం మానేసింది. నా లెక్కలో ఏ కంపెనీ హామీకన్నా అదే గట్టిది.

పాత రంగుల దగ్గర ఇదంతా చాలదు. ఇంటి రంగుల్లో విషమైన సీసం మిలియనుకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017లోనే. అంతకుముందు రంగేసిన తలుపును పొడిగా శాండర్‌తో అరగదీయకండి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. తడిపి, వాటర్ పేపరుతో, అంటే నీళ్లలో తడిపి వాడే ఉప్పుకాగితంతో, చేత్తో రుద్దండి. తర్వాత ఆ మడ్డిని గుడ్డతో ఎత్తి పారేయండి.

ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ పని పెట్టుకోకండి. తలుపులు చెమ్మ పీల్చి ఉంటాయి, పొడి ముద్దకట్టి కాగితం పూడిపోతుంది. నేను ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగిస్తాను. ఇన్నాళ్లలో మార్చింది అరిగిపోయిన ప్యాడ్ ఒక్కటే, మోటారు జోలికి పోవాల్సిన పని పడలేదు.