డ్యూటీ చేస్తూ బి.ఎస్.ఎన్.: డబ్ల్యూజీయూ ఆన్‌లైన్ కోర్సు ఎవరికి చవక, ఎవరికి కాదు

మన దగ్గర జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) చదివి, ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసై, అమెరికాలో ఆర్.ఎన్.గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేస్తున్న తెలుగు నర్సులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, తక్కువలో అయిపోయే ఆన్‌లైన్ బి.ఎస్.ఎన్. ఏది?" నేను ఆ నర్సింగ్ బ్యాచిలర్స్ డిగ్రీ చేసింది వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీలో. అందరూ డబ్ల్యూజీయూ అనే అంటారు. టెక్సస్‌లో మెడ్-సర్జ్ (జనరల్, సర్జరీ పేషెంట్లు ఉండే) ఫ్లోర్ మీద నైట్ డ్యూటీలు చేస్తూనే పూర్తిచేశాను. ఎవరూ చెప్పకపోయినా తనంతట తాను పుస్తకం ముందు కూర్చోగలిగే నర్సుకి ఇంతకంటే చవకైనవి చాలా తక్కువ. అలా కూర్చోలేని పరిస్థితిలో ఉన్నవాళ్లకు మాత్రం ఇదే కోర్సు ఖరీదైపోతుంది.

అదెలాగో తెలియాలంటే ఫీజు పద్ధతి తెలియాలి. మిగతా కాలేజీల్లో క్రెడిట్‌కి (చదువును కొలిచే యూనిట్‌కి) ఇంత అని కడతాం. ఇక్కడ ఆరు నెలల టర్ముకి ఒకటే ఫీజు. ఆర్.ఎన్.-టు-బి.ఎస్.ఎన్.కి (ఆర్.ఎన్.లు బి.ఎస్.ఎన్. తెచ్చుకునే కోర్సుకి) అది 5 వేల డాలర్లు దాటి కొంత ఉంటుంది, ఏటా కాస్త మారుతుంది. ఆ ఆరు నెలల్లో మూడు కోర్సులు చేసినా, పది చేసినా అదే డబ్బు. రెండు టర్ముల్లో ముగిస్తే పది వేల పైచిలుకుతో బయటపడతారు. పిల్లలు, ఓవర్‌టైమ్, ఊరి ప్రయాణం అంటూ నాలుగు టర్ములు సాగితే ఇరవై వేలు దాటుతుంది. అదే క్రెడిట్‌కి 300 డాలర్లు తీసుకునే ప్రభుత్వ యూనివర్సిటీలో 30 క్రెడిట్లు మిగిలి ఉంటే, నింపాదిగా రెండేళ్లు చదివినా 9 వేలే. కాబట్టి "డబ్ల్యూజీయూ చవక" అని ఎవరైనా చెప్తే, ఎన్ని టర్ముల్లో ముగించారో కూడా అడగండి.

కోర్సు సంగతికి వచ్చేముందు ట్రాన్స్‌క్రిప్టుల (చదివిన సబ్జెక్టులు, మార్కుల రికార్డుల) గురించి చెప్పాలి. మన దగ్గరి నుంచి వచ్చినవాళ్లకు అసలు ఖర్చు తేలేది అక్కడే. ఇక్కడ ఏ.డి.ఎన్. (నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ) చేసినవాళ్లకు లెక్క సులువు. వాళ్ల కాలేజీ క్రెడిట్లు దాదాపు మొత్తంగా బదిలీ అవుతాయి. మన జి.ఎన్.ఎం.లో క్రెడిట్లు ఉండవు, గంటలూ మార్కులూ ఉంటాయి. వాటిని ఇక్కడి లెక్కలోకి మార్చాలంటే విదేశీ నర్సుల చదువును పరిశీలించే సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. (ఇప్పుడు ట్రూమెరిట్) లాంటి సంస్థతో ప్రతి సబ్జెక్టూ విడివిడిగా చూపే కోర్స్-బై-కోర్స్ ఎవాల్యుయేషన్ చేయించాలి. వీసా కోసం, ఎన్‌క్లెక్స్ కోసం ఇదివరకే ఒక రిపోర్టు చేయించి ఉంటారు కదా, కాలేజీకి అదే సరిపోతుందో లేదో ముందే రాసి అడగండి. ట్రాన్స్‌క్రిప్టులు సీల్డ్ కవర్లో నేరుగా స్కూల్ నుంచి రావాలంటే, ఊళ్లో ఉన్న తమ్ముడో మరిదో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ పని మొదట పెట్టుకోండి, మిగతావన్నీ తర్వాత.

ఎవాల్యుయేషన్ వచ్చాక నర్సింగ్ సబ్జెక్టులకు క్రెడిట్లు బాగానే పడతాయి. మిగిలిపోయేవి జనరల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టులు: ఇంగ్లీష్ కంపోజిషన్, స్టాటిస్టిక్స్, హ్యుమానిటీస్ లాంటివి. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో ఏ బ్యాచిలర్స్ డిగ్రీకైనా అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, ప్రభుత్వ పాలన 6 క్రెడిట్లు చట్టప్రకారం తప్పనిసరి. ఊరి నుంచి వచ్చిన మన దగ్గర అవి ఎలాగూ ఉండవు. అంటే నాలుగు సబ్జెక్టులు అదనం. ప్రకటనలో కనిపించే "30 క్రెడిట్లే" అనే మాటలో ఇవి కలిసి ఉండవు.

ఈ జనరల్ సబ్జెక్టుల భారం తగ్గించుకోవడానికి దారులున్నాయి. పాసైతే క్రెడిట్ వచ్చే, కాలేజ్ బోర్డు పెట్టే క్లెప్ పరీక్షలు ఒక్కోటి సుమారు వంద డాలర్లు. సోఫియా అనే సైటులో నెల చందా కట్టి ఎన్ని సబ్జెక్టులైనా చేసుకోవచ్చు. డబ్ల్యూజీయూ వీటిని తీసుకుంటుంది. కాకపోతే చేరకముందే పూర్తిచేసి పంపాలి. టర్ము మొదలయ్యాక అదే సబ్జెక్టు మీద పెట్టే ప్రతి వారం మీ ఫీజులోంచి పోతున్నట్టే. అప్లికేషన్ పెట్టి, ఏవి మిగిలాయో వాళ్లు రాసి ఇచ్చాక, స్టాటిస్టిక్స్ లాంటివి బయట ముగించుకుని అప్పుడు టర్ము మొదలుపెట్టడం మంచిది. కొత్త టర్ములు ప్రతి నెల ఒకటో తేదీన మొదలవుతాయి కాబట్టి తొందరపడాల్సిన పని లేదు.

ఇక చదువు. క్లాసులంటూ ఉండవు. పోర్టల్‌లో చదవాల్సింది ఉంటుంది, చదివి పరీక్ష రాయాలి, లేదా పేపర్ రాసి పంపాలి. పరీక్షలు ఇంట్లోనే, వెబ్‌క్యామ్ ముందు. బల్ల మీద ఏమీ ఉండకూడదు, గదిలోకి ఎవరూ రాకూడదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న కెమెరా సరిపోతుందో, విడిగా ఇంకోటి కావాలో ముందే కనుక్కోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మా ఆయన పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లే వేళ చూసుకుని స్లాట్ బుక్ చేసుకునేదాన్ని. నైట్ డ్యూటీ దిగి నిద్రపోయి లేచాక రాసిన పరీక్షకీ, డ్యూటీ దిగగానే రాసిన పరీక్షకీ చాలా తేడా ఉంటుంది. దయచేసి రెండోది వద్దు.

పేపర్లకు రూబ్రిక్ ఇస్తారు. ఏ భాగంలో ఏం ఉండాలో వరసగా రాసి ఉంటుంది. ఆ వరసలోనే, అవే శీర్షికలు పెట్టుకుని రాస్తే పని తేలిక. ఒక్క అంశం తీరకపోయినా సవరించమని వెనక్కి వస్తుంది, దిద్ది మళ్లీ పంపడానికి అదనపు ఫీజు లేదు. దిద్దేవాళ్లు వేరు, చెప్పేవాళ్లు వేరు. మన నర్సులకు మొదట్లో టెన్షన్ పెట్టేది ఏ.పి.ఎ. అనే కాలేజీ పేపర్ల పద్ధతిలో రాయడం, రిఫరెన్సులు ఇవ్వడం. జి.ఎన్.ఎం.లో మనకి ఎవరూ నేర్పలేదది. తెలివితేటలు తక్కువై కాదు, అలవాటు లేక. రెండు మూడు పేపర్లయ్యాక చార్టింగ్‌లాగే చేతికి వచ్చేస్తుంది. ప్రోగ్రామ్ మెంటర్ అని ఒకరిని ఇస్తారు, మొదట్లో వారం వారం ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారని అడుగుతారు. నా మెంటర్ కూడా నర్సే. నైట్ షిఫ్ట్ అంటే ఏమిటో ఆవిడకి విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది కమ్యూనిటీ హెల్త్. ఆన్‌లైన్ కోర్సు అయినా అందులో ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ఆసుపత్రి బయటికి వెళ్లి, మన జిల్లాలో ఏ జబ్బు ఎక్కువ, ఎందుకు ఎక్కువ అని లెక్కలు చూసి, అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడి రాయాలి. అంతకుముందు షుగర్ ఎక్కువై మళ్లీ మళ్లీ అడ్మిట్ అయ్యే పేషెంట్‌ని చూస్తే మందు సరిగ్గా వేసుకోవట్లేదనే అనుకునేదాన్ని. ఇప్పుడు డిశ్చార్జి చేసేముందు ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఇంట్లో ఫ్రిజ్ ఉందా, ఫార్మసీకి వెళ్లడానికి బండి ఉందా అని అడుగుతున్నాను. ఇలాంటి ప్రశ్నల వల్లే ఈ డిగ్రీ నాకు కాగితంగా మిగిలిపోలేదు.

"డిగ్రీ లేకుండా ఇన్నేళ్లు చేయలేదా?" అని అడిగేవాళ్లున్నారు. చేశాం, బాగానే చేశాం. కానీ 2003లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్ల లెక్కలు చూసి, బ్యాచిలర్స్ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగినచోట మరణించే అవకాశం 5 శాతం తక్కువగా ఉందని చెప్పింది. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, 2020 నాటికి 80 శాతం నర్సులకు బ్యాచిలర్స్ ఉండాలని సిఫార్సు చేసింది. న్యూయార్క్‌లో 2017 చట్టం ప్రకారం కొత్తగా ఆర్.ఎన్. అయినవాళ్లు పదేళ్లలో బి.ఎస్.ఎన్. తెచ్చుకోవాలి. నర్సింగ్ నాణ్యతకు ఇచ్చే మాగ్నెట్ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో నర్స్ మేనేజర్ కావాలంటే నర్సింగ్‌లో డిగ్రీ ఉండాల్సిందే. ఛార్జ్ నర్సుగా (షిఫ్టు బాధ్యత చూసే నర్సుగా) ఏళ్లు చేసి, ఆపై మెట్టు దగ్గర ఆగిపోయిన మనవాళ్లు నాకు తెలుసు.

ఈ కోర్సులో ఒక పరిమితిని మాత్రం గట్టిగా చెప్పాలి. డబ్ల్యూజీయూలో గ్రేడ్లు లేవు. పాసైతే పాస్, దాన్ని బి గ్రేడుతో, అంటే 3.0తో సమానంగా చూస్తారు. ఎంత కష్టపడి చదివినా ట్రాన్స్‌క్రిప్టులో ఆ 3.0 మారదు. ముందు ముందు నర్స్ అనస్తీషియాకి వెళ్లాలనుకునేవాళ్లు, పోటీ ఎక్కువ ఉండే ఎన్.పి. (నర్స్ ప్రాక్టీషనర్) ప్రోగ్రాములు చూస్తున్నవాళ్లు దీన్ని ఎంచుకోవద్దు. అక్కడ జి.పి.ఎ. (గ్రేడ్ల సగటు) చూస్తారు. ఖర్చు కొంచెం ఎక్కువైనా, గ్రేడ్లు ఇచ్చే ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్లండి. నలుగురితో కలిసి చదివితే గానీ బుర్రకెక్కని వాళ్లకూ ఇది సరిపడదు.

డబ్బు ఎక్కడినుంచి తేవాలి అంటే, మొదట మీ ఆసుపత్రి హెచ్.ఆర్.ని అడగండి. యజమాని ఇచ్చే చదువు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదని చాలా ఏళ్లుగా ఉన్న నియమం. ఒక టర్ము ఫీజు దాదాపు దీనికి సమానం. అది క్యాలెండర్ ఏడాది లెక్క కాబట్టి, మొదటి టర్ము ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలుపెడితే రెండో టర్ము ఫీజు తర్వాతి ఏడాదిలో పడుతుంది, రెండేళ్ల పరిమితీ వాడుకోవచ్చు. చాలాచోట్ల ముందు మనం కట్టి, పాసయ్యాక వెనక్కి తీసుకోవాలి. డబ్బు తీసుకున్నాక ఇంతకాలం ఇక్కడే పనిచేయాలని కాగితం మీద సంతకం చేయిస్తారు. యూనిట్ మారాలన్నా, ఊరు మారాలన్నా ఆ కాగితం అడ్డమొస్తుందేమో చదివి సంతకం పెట్టండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎఫ్.ఏ.ఎఫ్.ఎస్.ఏ. అనే ఫెడరల్ చదువు సాయం దరఖాస్తు నింపొచ్చు. ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంట్ రావచ్చు, అది తిరిగి కట్టక్కర్లేదు. హెచ్-1 మీద ఉన్నవాళ్లకు, హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఆ ఫెడరల్ సాయం రాదు.

చేరకముందు నేను మరికొన్నిటిని కూడా చూశాను. వాటిలో ఒక ప్రైవేటు కాలేజీ (పేరు అనవసరం) క్రెడిట్ రేటు తక్కువగా చూపించి, టెక్నాలజీ ఫీజు, రిసోర్స్ ఫీజు, ప్రాక్టికమ్ ఫీజు అని ఒక్కోటీ తర్వాత చెప్పుకొచ్చింది. నా జి.ఎన్.ఎం.కి ఎన్ని క్రెడిట్లు ఇస్తారని అడిగితే, "ముందు ఎన్‌రోల్ అవ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు. రాత్రి డ్యూటీ చేసి పడుకుంటే పగలంతా ఫోన్లు. ఎన్ని క్రెడిట్లు వస్తాయో, మొత్తం ఎంత కట్టాలో రాసి ఇవ్వని కాలేజీకి ఒక్క డాలరు కూడా కట్టకండి, అది ఎంత పేరున్నదైనా సరే.

ఏ కాలేజీ అయినా నర్సింగ్ ప్రోగ్రామ్‌కి సి.సి.ఎన్.ఈ. గానీ ఏ.సి.ఈ.ఎన్. గానీ గుర్తింపు ఉందేమో ఆ సంస్థల సైటులోనే చూడండి, కాలేజీ బ్రోషర్‌లో కాదు. డబ్ల్యూజీయూకి సి.సి.ఎన్.ఈ. ఉంది. మీరుండే రాష్ట్రంలో విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఉందా, ఫీల్డ్ వర్క్ మీ ఊళ్లో చేయనిస్తారా అన్నదీ కనుక్కోండి. కాలిఫోర్నియాలో పబ్లిక్ హెల్త్ నర్స్ సర్టిఫికెట్ కావాలంటే దానికి వేరే షరతులున్నాయి. ఆ రాష్ట్రం వాళ్లు ముందుగా ఆ మాటే అడగాలి.

ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీని తప్పకుండా చూడండి. టెక్సస్ 2017లో కమ్యూనిటీ కాలేజీలకు ఈ డిగ్రీ ఇచ్చే వీలు కల్పించాక, 2018లో అక్కడ ఆర్.ఎన్.-టు-బి.ఎస్.ఎన్. మొదలైంది. ఫ్లోరిడాలో స్టేట్ కాలేజీలు చాలా ముందునుంచే ఇస్తున్నాయి. ఆయా చోట్ల స్థిరపడినవాళ్లకు లోకల్ ఫీజు వర్తిస్తుంది కాబట్టి, నెమ్మదిగా చదివేవారికి నేను డబ్ల్యూజీయూ కంటే వీటినే చెప్తాను. ఊళ్లో బి.ఎస్సీ. నర్సింగ్ చేసి వచ్చినవాళ్లు అసలు ఇవేవీ చేయక్కర్లేదు. ఎవాల్యుయేషన్‌లో మీ డిగ్రీ మామూలుగా ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానంగానే వస్తుంది, ఆ రిపోర్టు హెచ్.ఆర్.కి ఇచ్చి రికార్డులో ఎక్కించుకోండి. ఎక్కించుకోకుండా ఏళ్ల తరబడి డిప్లొమా జీతం మీదే ఉండిపోయినవాళ్లు మా యూనిట్లోనే ఉన్నారు.