అల్బైసిన్ నీటి దారుల్లో అమ్మతో

గ్రనాడాలో అల్బైసిన్ అనే పాత కొండ పేటను మేము గైడు వెంట రెండుసార్లు చూశాం. మొదటిసారి ముప్ఫైమంది గుంపులో రెండు గంటలు, రెండోసారి ఆరుగురితో మూడున్నర గంటలు. అదే కొండ, ఇంచుమించు అవే సందులు. అయినా మొదటి సాయంత్రం అమ్మ బసకు వచ్చి కాళ్లకు నూనె రాసుకుంటూ "ఏం చూశామో నాకు తెలియలేదు" అంది. రెండో రోజు మధ్యాహ్నం భోజనం ముందు పెట్టుకుని కూడా ఆ పేట గురించే మాట్లాడింది. పెద్దవాళ్లతో అక్కడికి వెళ్లాలనుకునేవారికి ఈ తేడా తెలియాలి.

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాకు మాడ్రిడ్ నుంచి వేగవంతమైన రైలులో మూడు గంటలకు పైగా ప్రయాణం. ఊరి మధ్య దర్రో అనే సన్నని ఏరు పారుతుంది. ఏటికి ఒక పక్క కొండ మీద అల్‌హంబ్రా కోట, ఎదురు కొండ మీద అల్బైసిన్. కోటను చూడడానికి లోకమంతా వస్తుంది కాబట్టి అదే ముందు పుట్టిందని నేనూ అనుకున్నాను. నిజానికి అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన జీరీ వంశపు ముస్లిం రాజులు 11వ శతాబ్దంలో తమ కోటను అల్బైసిన్ కొండ మీదే కట్టుకున్నారు. తర్వాత వచ్చిన నస్రిద్ వంశపు ముస్లిం రాజులు అల్‌హంబ్రా పని మొదలుపెట్టింది 1238లో. యునెస్కో జాబితాలో మాత్రం ఈ వరస తలకిందులైంది. కోటకు 1984లో గుర్తింపు వస్తే, అల్బైసిన్‌ను దానికి కొనసాగింపుగా 1994లో చేర్చారు.

మొదటి నడక ప్లాసా నువేవా కూడలిలో సాయంత్రం ఆరింటికి మొదలైంది. మనిషికి 18 యూరోలు. అందరికీ చెవిలో పెట్టుకునే పరికరాలు ఇచ్చారు. రెండో మలుపు తిరిగేసరికి మాది మూగబోయింది. గైడు వేగంగా నడిచే యువకుడు. సూర్యాస్తమయానికి శాన్ నికోలాస్ కూడలికి చేరాలన్నదే ఆయన ధ్యాస. దారిలో ఒక దుకాణం దగ్గర పావుగంట ఆపాడు కానీ, అమ్మ మెట్ల దగ్గర వెనకబడితే ఆగలేదు. పైకి చేరాక ఎదురుగా అల్‌హంబ్రా ఎర్రబడి వెలుగుతోంది, వెనక మంచు కప్పుకున్న సియెర్రా నెవాడా పర్వతాలు. ఆ దృశ్యం గొప్పది, కాదనను. కానీ గైడు మాటలన్నీ ఆ కోట గురించే. మేము నిలబడ్డ పేట ఎవరిది, ఇక్కడ ఎవరు బతికారు అన్న విషయాలు రెండు వాక్యాల్లో ముగిశాయి. వెయ్యేళ్ల పేటను ఎదుటి కోట చూసుకునే అరుగుగా మార్చే నడకకు డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

రెండో గైడు సంగతి మా బస యజమానురాలు చెప్పింది. ఆమె ఆండలూసియా ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉన్న గైడు, పుట్టిందీ పెరిగిందీ అల్బైసిన్‌లోనే. మనిషికి 35 యూరోలు. ఉదయం తొమ్మిదింటికి కలవగానే చరిత్ర మొదలుపెట్టలేదు. అమ్మను చూసి "మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. వెంటనే దారి మార్చింది. అందరం సీ31 అనే చిన్న బస్సు ఎక్కి కొండ మీదికి వెళ్లి, అక్కడి నుంచి కిందికి దిగుతూ చూశాం. టికెట్టు సుమారు యూరోన్నర. ఆ ఒక్క ఆలోచనతోనే ఆమె తీసుకున్న రుసుముకు న్యాయం జరిగింది. నేను ఇంగ్లీషు నుంచి అమ్మకు తెలుగులో చెప్పేంతవరకు ప్రతిసారీ ఆగేది. మిగతా నలుగురూ ఓపిక పట్టారు, వాళ్లకు ఇప్పటికీ కృతజ్ఞతలు.

ముందుగా శాన్ సాల్వదోర్ చర్చి. ఒకప్పుడు ఈ పేట పెద్ద మసీదు అదే చోట ఉండేది. మసీదు పోయినా దాని ప్రాంగణం నిలిచింది. గుర్రపు నాడా ఆకారంలో తోరణాలు, మధ్యలో చెట్లు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ప్లాసా లార్గా, పక్కనే తూకపురాళ్ల ద్వారం. తప్పుడు తూకాలు వేసిన వర్తకుల దగ్గర లాక్కున్న రాళ్లను జనం చూసేలా ఈ గోడకు వేలాడదీసేవారట. ఇప్పటికీ కొన్ని అక్కడే ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, చిన్నప్పుడు తమ ఊరి సంతలో త్రాసు కింద చింతపండు అంటించిన మనిషి కథ చెప్పింది. దాన్ని నేను ఇంగ్లీషులో చెబితే గైడు కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది.

ఇక నీళ్లు. ఈ నడకలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. సందు మలుపులో ఇటుక తోరణంతో చిన్న గుహలాంటిది కనిపిస్తుంది, లోపల చీకటి. వీటిని అల్హీబె అంటారు, అంటే నేలలో కట్టిన నీటి తొట్టి. మొదటి రోజు ఇలాంటివి నాలుగైదు దాటాం, ఒక్కదాని గురించీ ఎవరూ చెప్పలేదు. అల్ఫకార్ అనే ఊరి దగ్గర కొండల్లో పుట్టే ఊట నుంచి ఐనదమార్ అనే కాలువ తవ్వి ఈ కొండ మీదికి నీళ్లు తెచ్చారు. అరబ్బీలో ఆ పేరుకు కన్నీటి ఊట అని అర్థం. తొట్టెలు చాలావరకు మసీదుల పక్కనే ఉండేవి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికీ ఇంటి వాడకానికీ అవే ఆధారం. మసీదులు చర్చిలయ్యాయి, తొట్టెలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. కనుక తొట్టి కనిపిస్తే, ఆ పక్కన మసీదు ఉండేదేమో అని చూడవచ్చని గైడు నేర్పింది. ఆ తర్వాత అమ్మే ముందు నడిచి తోరణాలు వెతకడం మొదలుపెట్టింది.

అమ్మది కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊరు. కాలువ దారిలోని పల్లెలూ పొలాలూ వాడుకోగా మిగిలిన నీళ్లు వంతుల ప్రకారం ఈ పేటకు చేరేవని వినగానే "అంటే వీళ్లదీ శివారు భూమే" అంది. శివారు, వారబందీ (వంతుల వారీగా నీళ్లు వదలడం) అన్న మాటలను ఇంగ్లీషులోకి తేవడానికి నాకు కొంత సమయం పట్టింది. పైవాళ్లు దొంగతనంగా గండి కొడితే కిందివాళ్లు ఏం చేసేవారని అమ్మ అడిగింది. కాలువకు కాపలాదారులు ఉండేవారు, అయినా తగాదాలు తప్పేవి కావు అని గైడు చెప్పింది. అంతదాకా బెరుకుగా ఉన్న అమ్మ అక్కడి నుంచి ఆమె చెయ్యి పట్టుకునే నడిచింది. రాజు తొట్టి అని పిలిచే అల్హీబె దెల్ రే వీటన్నిటిలోకీ పెద్దది, 11వ శతాబ్దం నాటిది. నాకు మాత్రం త్రియో తొట్టి నచ్చింది. ఇరుకు సందులో చిన్న ఇటుక తోరణం. దాని ముందు మేము ఆరుగురం తప్ప ఎవరూ లేరు.

అల్బైసిన్ చిత్రాల్లో మీరు చూసే తెల్లని ఎత్తు గోడలు, వాటి మీదుగా తొంగిచూసే సరుగుడు లాంటి సన్నని సైప్రస్ చెట్లు, పూలతీగలు కార్మెన్ అనే తోట ఇళ్లవి. ద్రాక్షపాదుకు అరబ్బీలో కర్మ్ అంటారు, ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. ఇంత కిక్కిరిసిన కొండ మీద ఇంతింత తోటలకు చోటు ఎలా దొరికిందని అడిగాను. గైడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక గోడ పక్క నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

1492 జనవరి 2న నగరం ముస్లిం సుల్తాను నుంచి కాథలిక్ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల చేతికి వచ్చింది. లొంగిపోయినవారి మతం, మసీదులు, ఆచారాల జోలికి పోమని ఒప్పందంలో మాట ఇచ్చారు. ఏడేళ్లకే బలవంతపు మతమార్పిడులు మొదలయ్యాయి, 1499లో తిరుగుబాటు రేగింది ఈ అల్బైసిన్‌లోనే. 1567లో అరబ్బీ భాషనూ, వాళ్ల దుస్తులనూ, స్నానశాలలనూ నిషేధించారు. దానికి ఎదురుతిరిగి మరుసటి ఏడాది చివర గ్రనాడాకు దక్షిణాన ఉన్న అల్పుహార్రా కొండల్లో యుద్ధం మొదలైంది. 1569, 70 సంవత్సరాల్లో ఇక్కడి మొరిస్కోలను, అంటే మతం మారిన ముస్లిం కుటుంబాలను, ఇళ్ల నుంచి లేపి దూర ప్రాంతాలకు తరలించారు. పేట ఖాళీ అయింది. కూలిన చిన్న ఇళ్లను రెండు మూడు కలుపుకుని, మధ్య గోడలు తీసేసి, మిగిలినవారు తోటలు వేసుకున్నారు. ఎన్నో తోటలు అలా వచ్చినవే. అమ్మకు చెప్పాక ఆమె ఆ గోడను అరచేత్తో తాకి చూసింది. ఆ తర్వాత ఏ పూలతీగ ముందూ ఫొటో తీయమని అడగలేదు.

దార్ అల్ హొర్రా రాజభవనం చిన్నది. చివరి సుల్తాను బోఅబ్దిల్ తల్లి ఆయిషా నివాసమని చెబుతారు, తర్వాత సన్యాసినుల మఠంలో కలిసిపోయింది. అక్కడ అరగంట చాలు. దర్రో ఒడ్డున ఉన్న బన్యువేలో స్నానశాలకు మాత్రం తీరిక పెట్టుకోండి. 11వ శతాబ్దపు గదులు, కప్పులో నక్షత్రాల్లా తొలిచిన కన్నాలు, వాటిలోంచి నేల మీద పడే వెలుగు. స్తంభాల తలలు కొన్ని రోమన్ల కాలపు కట్టడాల నుంచి తెచ్చినవి. మిగతా స్నానశాలలు చాలావరకు నాశనమైనా ఇది ఒక ఇంటి కింద చాకిరేవుగా వాడుకలో ఉండి బతికింది. ఈ రెండింటికీ కలిపి టికెట్టు దొరుకుతుంది. మొదటి గైడు బన్యువేలో తలుపు ముందు నుంచే మమ్మల్ని నడిపించుకుపోయాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

బస విషయం. మొదటి రెండు రాత్రులు కొండ పైభాగంలో పాత ఇంటి గదుల్లో ఉన్నాం. నడిమి వాకిలి, చెక్క వసారా, ఉదయం చర్చి గంటలు. గది ముచ్చటగా ఉంది, యజమానురాలు మంచి మనిషి. అయితే బస్సు దిగిన చోటు నుంచి ఇంటికి అరవైకి పైగా మెట్లున్నాయి. ఆ సంగతి గది వివరాల్లో ఎక్కడా రాయలేదు. అల్బైసిన్ సందులు గులకరాళ్లు నిలబెట్టి పరిచినవి, చక్రాల పెట్టె వాటి మీద దొర్లదు, మోసుకోవాల్సిందే. చివరి రెండు రాత్రులు ప్లాసా నువేవా దగ్గర మామూలు హోటలుకు మారాం. అందం తక్కువ, లిఫ్టు ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారు కింద ఉండి బస్సులో పైకి వెళ్లడమే మేలు. గట్టి అట్ట ఉన్న బూట్లు తప్పనిసరి, అమ్మ చెప్పులతో వచ్చి మొదటిరోజే ఇబ్బంది పడింది.

తిండికి శాకాహారులు భయపడనక్కరలేదు, కానీ ప్రతిదీ అడిగి తినాలి. కూరగాయల వంటకం అనుకున్నదాని మీదా పంది మాంసపు ముక్కలు చల్లుతారు. మాకు బాగా నచ్చింది వేయించిన వంకాయ ముక్కల మీద చెరుకు పాకం పోసి ఇచ్చే వంటకం. పేరులో తేనె అని ఉన్నా అది అచ్చంగా మన బెల్లపు పాకమే. చెరుకును ఈ తీరానికి తెచ్చింది అరబ్బులు. పంచదారను అక్కడ అసూకార్ అంటారు, మన చక్కెర, వాళ్ల అసూకార్ రెండూ సంస్కృత శర్కర నుంచి వచ్చినవే. నారింజను నరన్హా అంటారని తెలిసి అమ్మ బజారులో కావాలనే "నారింజ" అని అడిగింది, అమ్మాయి సరిగ్గా అవే తూచి ఇచ్చింది. కల్దెరేరియా వీధిలోని టీ దుకాణాల్లో పుదీనా టీ బాగుంటుంది, ధర ఎక్కువ.

శాన్ నికోలాస్ దృశ్యం చూడాలంటే సాయంత్రపు తోపులాటలోకి వెళ్లకండి, ఉదయం వెళ్లండి. పక్కనే 2003లో తెరిచిన మసీదు ఉంది. ఐదు శతాబ్దాల తర్వాత గ్రనాడాలో మళ్లీ కట్టిన మసీదు అది. దాని తోటలోకి సందర్శకులను రానిస్తారు, అక్కడి నుంచీ అల్‌హంబ్రా అంతే బాగా కనిపిస్తుంది. నెమ్మదిగా మాట్లాడండి, నమాజు వేళలు చూసుకోండి. ఇక అల్‌హంబ్రా టికెట్లు వారాల ముందే కొనుక్కోవాలి. నస్రిద్ రాజమందిరాలకు ఇచ్చిన సమయం దాటితే లోపలికి పంపరు.

నడక ముగిశాక ఏటి ఒడ్డున సెలవు తీసుకుంటుంటే అమ్మ గైడును ఆపి, ఇక్కడి నుంచి పోయినవాళ్లు చివరికి ఎక్కడికి చేరారని అడిగింది. చాలామంది సముద్రం దాటి మొరాకో వెళ్లారు, 1492కు ముందూ వెనకా వెళ్లిన గ్రనాడా వారే అక్కడ టెటువాన్ నగరాన్ని మళ్లీ కట్టి నిలబెట్టారు అని చెప్పింది. స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న తరీఫా నుంచి మొరాకోలోని టాంజియర్‌కు ఓడలో గంట ప్రయాణమని, అక్కడి నుంచి బస్సులున్నాయని కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని అమ్మ మడిచి తన పాస్‌పోర్టులో పెట్టుకుంది. మొరాకో వీసాకు ఏమేం కావాలో ఆ రాత్రి హోటల్లో కూర్చుని చూశాం.