గ్రేట్ ఓషన్ రోడ్డుకు అద్దె కారు: దారికి పూర్తి మార్కులు, కౌంటరుకు సగమే

ఆలుమగలిద్దరే రెండు రాత్రులు తిరిగి రావాలంటే మెల్‌బోర్న్ నుంచి ఆస్ట్రేలియా దక్షిణ తీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్డుకు టూరు బస్సు కన్నా అద్దె కారే నయం. బస్సువాళ్లు ఒక్క రోజులో అంతా తిప్పి తెచ్చేస్తారు. సముద్రంలో నిలువుగా నిలబడ్డ ట్వెల్వ్ అపోజిల్స్ రాళ్ల దగ్గర పొద్దుగూకే వేళ నిలబడాలంటే మాత్రం రాత్రికి దగ్గరి ఊరు పోర్ట్ క్యాంప్‌బెల్‌లో బస ఉండాలి, చేతిలో సొంతంగా బండీ ఉండాలి. (పేరుకు పన్నెండు గానీ ఆ రాళ్లు ఏనాడూ పన్నెండు లేవు. ఉన్నవాటిలో ఒకటి 2005లో కూలిపోయింది.)

డబ్బు పోయేది సాధారణంగా రోడ్డు మీద కాదు, విమానాశ్రయం కౌంటరు దగ్గర. కొన్ని కంపెనీలు డెబిట్ కార్డు తీసుకోవు. బుకింగ్ చేసినవారి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతాయి, డిపాజిట్ కింద కొంత సొమ్ము దానిలో ఆపేస్తాయి. మన బ్యాంకు కార్డయితే అంతర్జాతీయ లావాదేవీల పరిమితి బయల్దేరకముందే పెంచుకోవాలి. తర్వాత ఎక్సెస్. ప్రమాదం జరిగితే మొదట మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం ఇది, వేల డాలర్లలో ఉంటుంది. దాన్ని తగ్గిస్తామని కౌంటరులో రోజుకింత చొప్పున అమ్ముతారు. ఆ కాగితంలో చూడాల్సింది ధర కాదు, మినహాయింపులు. టైర్లు, అద్దం, బండి అడుగు భాగం, పైకప్పు, మట్టిరోడ్డు మీద జరిగిన నష్టం చాలా పాలసీల్లో ఉండవు. బుకింగ్ వెబ్‌సైట్లలో చవగ్గా దొరికే ఎక్సెస్ బీమా పనికొస్తుంది గానీ దాని తీరు వేరు: ముందు కంపెనీకి మనమే కట్టి, రసీదులు పెట్టుకుని తర్వాత రాబట్టుకోవాలి. కౌంటరువాళ్లు డిపాజిట్ మాత్రం తగ్గించరు.

ఇద్దరూ నడుపుతారనుకుంటే ఇద్దరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి. పేరు లేనివాళ్లు పది నిమిషాలు నడిపినప్పుడు గీత పడ్డా బీమా వర్తించదు. ఇంగ్లిషులో ఉన్న మన లైసెన్సు కార్డుతో పర్యాటకులు ఈ దారి ఉన్న విక్టోరియా రాష్ట్రంలో నడపొచ్చు. అయినా కొన్ని కంపెనీలు అంతర్జాతీయ పర్మిట్ అడుగుతాయి కాబట్టి, ఆర్టీవో ఆఫీసులో ఫారం 4ఏ ఇచ్చి తెచ్చుకుంటే గొడవ ఉండదు.

బండి విషయానికొస్తే, అక్కడా ఎడమవైపే నడపడం, స్టీరింగ్ కుడివైపే. ఇబ్బంది పెట్టేది ఎడమకాలు. ఇచ్చేది ఆటోమేటిక్ బండి, మన కాలేమో క్లచ్ కోసం వెతికి బ్రేకు తొక్కుతుంది. కారు ధడేలున ఆగుతుంది, వెనకవాడు హారన్ కొడతాడు. ఎడమ పాదాన్ని సీటు కిందికి లాక్కుని కూర్చోవడమే మందు. పార్కింగులోనే రెండు చుట్లు తిప్పి బయటికి రండి. జపాన్, కొరియా బండ్లలో ఇండికేటరు కుడిచేతి వైపే ఉంటుంది. యూరప్ బండి ఇస్తే మలుపు తిరిగిన ప్రతిసారీ వైపరు ఆడుతుంది. రెండు పెద్ద సూట్‌కేసులుంటే చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీ చాలదు. పార్కింగులోంచి కదలకముందే పెట్టి చూసుకుని, పట్టకపోతే అక్కడే బండి మార్పించుకోవాలి. స్టెప్నీ కూడా తెరిచి చూడాలి. సన్నగా ఉండే తాత్కాలిక చక్రమైతే 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

మెల్‌బోర్న్ టల్లమరీన్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వెళ్లే సిటీలింక్ దారికి టోలు ఉంది. గేటు ఉండదు, కెమెరా నంబరు పట్టేస్తుంది. తర్వాత కంపెనీ టోలుకు తన సర్వీసు చార్జీ కలిపి కార్డులోంచి లాగుతుంది. వెస్టర్న్ రింగ్ రోడ్డు మీదుగా ఎం1 హైవే ఎక్కి జీలాంగ్ వైపు వెళ్తే ఆ బాధ లేదు. ఆ దారికి దగ్గర్లోనే టార్నీట్, పాయింట్ కుక్ ఉన్నాయి. తెలుగువాళ్లు బాగా ఉన్న పేటలు కాబట్టి పెరుగు, పచ్చడి, పులిహోర పొడి అక్కడే కొనుక్కోవచ్చు. ముందున్న చిన్న ఊళ్లలో అవి దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

మ్యాపులో నేరుగా ట్వెల్వ్ అపోజిల్స్ అని కొడితే, దగ్గర దారి కనక కోలాక్ మీదుగా లోపలి నుంచి తీసుకెళ్తుంది. సముద్రం జాడే ఉండదు. టార్కీ, లార్న్, అపోలో బే అని ఒక్కొక్కటే కొట్టుకోవాలి. ఇలా పడమటికి వెళ్తే సముద్రం ఎడమచేతి వైపు ఉంటుంది, ఆగే చోట్లకు రోడ్డు దాటకుండానే మళ్లొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కొండ అంచున తొలిచిన దారి ఇది. లార్న్ నుంచి అపోలో బే 45 కిలోమీటర్లే గానీ గంట పడుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లు ఇక్కడా మాత్ర వేసుకోవాలి. పసుపు బోర్డు మీద 35 అని ఉంటే ఆ మలుపు నిజంగా 35 కిలోమీటర్ల వేగానికే. వెనక బండ్లు చేరితే పక్కకు ఆగే చోట దారివ్వండి.

అపోలో బేలో ట్యాంకు నింపుకోవాలి. తర్వాత దారి సముద్రాన్ని వదిలి ఓట్వే అడవిలోకి పోతుంది, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దించుకోండి. బంకులో పోసేవాళ్లుండరు. పోసుకుని, పంపు నంబరు గుర్తుంచుకుని లోపల కట్టాలి. మామూలు పెట్రోలుకు 91 అని రాసి ఉంటుంది. ఇంధన మూత వెనక స్టిక్కరు చూశాకే గన్ను ఎత్తండి. డీజిల్ పోసేస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఫోన్ చేయడమొక్కటే దారి. ఆ ఖర్చుకు బీమా రాదు.

అందరూ మరిచేది తాళం. జేబులో రిమోట్ కీతో అలల్లోకి దిగితే ఉప్పునీటికి చిప్ పోతుంది. రెండో తాళం మెల్‌బోర్న్‌లో ఉంటుంది, మీరేమో 200 కిలోమీటర్ల అవతల. ఒకరు నీళ్లలో ఉంటే తాళంతో ఇంకొకరు ఒడ్డున ఉండాలి. చీకటి పడ్డాక, తెల్లవారకముందు కంగారూలు, వాటిలాగే ఉండే చిన్న జంతువులు వాలబీలు రోడ్డెక్కుతాయి. సూర్యాస్తమయం చూసి నడపాల్సింది పోర్ట్ క్యాంప్‌బెల్ దాకా పది పన్నెండు కిలోమీటర్లే అయినా నెమ్మదిగానే వెళ్లాలి.

తిరుగు ప్రయాణం, పోర్ట్ క్యాంప్‌బెల్ దాటి పడమటికి వెళ్తే వచ్చే వార్నంబూల్ నుంచి ప్రిన్సెస్ హైవే మీద మూడు గంటలకు పైగా పడుతుంది. ట్యాంకు నింపి రసీదు తీసుకోండి. ఆఫీసు మూసేశాక తాళం పెట్టెలో వేసి పోతే గీతల లెక్క వాళ్లు మర్నాడు ఒంటరిగా తేలుస్తారు. చక్రాల రిమ్ములు, పైకప్పు, ముందు అద్దం, పెట్రోలు ముల్లు కనబడేలా తీసుకున్నప్పుడొకటి, అప్పగించేటప్పుడొకటి వీడియో ఉండాలి. టోలు, జరిమానా చార్జీలు ఇంటికొచ్చాక కూడా పడుతుంటాయి. కార్డు స్టేట్‌మెంటు రెండు నెలలపాటు చూసుకోండి, వీడియోలు అప్పటిదాకా చెరపొద్దు.